బొటనవేలు చూసి నెత్తురు చెప్పిన కుప్పయ్య

"రండప్పా రండి. సూది లేదు, నొప్పి లేదు. మన కుప్పయ్య మామ వేలు చూసి నెత్తురు గ్రూపు చెప్తా ఉండాడు. ఉత్తపుణ్యానికే రండి."

నగరిలో మరమగ్గాలు ఆడే వీధిలో ఒకరి మాట ఇంకొకరికి వినబడాలంటే గొంతు మామూలుగా ఉంటే చాలదు. చెన్నై రైలుకి రోజూ మనుషుల్ని చేరవేసే ఆటో ధనశేఖర్‌ది మామూలు గొంతు కాదు. వాడి కేక వీధి మొదట్లో లేచి చివరిదాకా పోయేసరికి ఒక ఇంట్లో మగ్గం ఆగింది, ఆ పక్కింట్లో ఇంకొకటి ఆగింది, కండెలు చుట్టుకునే ఆడవాళ్లు చేతికంటిన నూలుపోగులతోనే వాకిళ్లలోకి వచ్చేశారు.

ఆ కేకకి అందరికన్నా ఎక్కువ మురిసిపోయినవాడు కుప్పయ్యే. చెల్లెలింటి అరుగు మీద కాలు మీద కాలేసుకుని, తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుని, వచ్చేవాళ్ల వేళ్ల కోసం అరచెయ్యి చాపి కూర్చున్నాడు.

నిజానికి ఆ రోజు అక్కడ జరగాల్సింది వేరే. కుప్పయ్య చెల్లెలు శకుంతలమ్మకి ఒక్కతే కూతురు, సుజన. తిరుపతిలో ల్యాబు చదువు చదివి, అక్కడే ఒక ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేసి, ఇప్పుడు సొంత వీధిలో రక్తపరీక్షల అంగడి తెరుస్తా ఉంది. అమ్మ ఇంటి ముందుగదే ల్యాబు. తలుపుకి మామిడాకులు, లోపల కొత్త కుర్చీ, తెల్లకోటు వేసుకున్న సుజన. మేనకోడలు కళ్లముందే ఉంటుందన్న సంబరంలో కుప్పయ్య పంతులు దగ్గరికి తానే పోయి ముహూర్తం పెట్టించుకొచ్చాడు. శుక్రవారం, లక్ష్మీదేవి రోజు, ఇంతకన్నా మంచి రోజు లేదన్నాడు.

లక్ష్మీదేవి రోజైతే అయింది గానీ, ఆ వీధిలో శుక్రవారం పూట గోరు కూడా తీయరు. ఆ సంగతి ఆయనకి తట్టనే లేదు. జనమంతా వచ్చారు, దీపానికి దండం పెట్టారు, కాఫీ తాగారు, కుర్చీ మెత్తగా ఉందన్నారు. సుజన సూది చేతబట్టుకుని "ముందు ఎవరొస్తారు?" అనేసరికి అందరూ పందిరి గుంజల్ని చూడ్డం మొదలుపెట్టారు.

"శుక్రవారం నెత్తురు కళ్ల చూస్తామా తల్లీ, రేపొస్తాంలే" అంది ఒకామె.

"రేపు శనివారం కదక్కా. శనివారం ఇనుము ఒంటికి తగలకూడదు" అంది పక్కనామె.

శకుంతలమ్మకి ఒక పట్టింపు ఉంది. ఆమెకనేం, ఆ వీధి అంగళ్లన్నిటికీ ఉన్నదే. తెరిచిన రోజు పొద్దు వాలకముందే బోణీ కావాలి. అది బయటివాళ్ల చేత్తో కావాలి, ఇంటివాళ్లది బోణీ కాదు. బోణీ లేకుండా పొద్దు వాలిన అంగడి నిలబడదు, అది అయ్యేదాకా పందిట్లో ఆకు పడదు. వడలు తప్ప వంటంతా అయిపోయింది, అన్నం గిన్నెల మీద మూతలున్నాయి, ఆమె మాత్రం అరిటాకుల కట్ట ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. కూతురితో ఒక్కటే మాట అంది. "ఇయ్యాళ బోణీ కాలేదంటే దీనికి తాళమేసి తిరుపతి బస్సెక్కు. ఆసుపత్రోళ్లు మళ్లీ రమ్మంటానే ఉండారు కదా." సుజన సూదుల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

జనం ఆకలికి ఒకరొకరే లేచే ఆలోచనలో పడ్డారు. లేచినవాళ్లు మళ్లీ రారు. శుక్రవారం పెట్టించింది తానే కాబట్టి వాళ్లని ఆపే బాధ్యత కూడా తనదేనని కుప్పయ్యకి అనిపించింది. ఆపడానికి ఆయన దగ్గరున్నది నోరొకటే.

"కూర్చోండప్పా, ఒక్క మాట చెప్తాను, ఇనిపోదురు గానీ" అని మొదలుపెట్టాడు. "ఈ పిల్ల ఈ చదువులో నిలబడిందంటే ఎవరివల్ల అనుకుంటా ఉండారు?"

"నీవల్లేనా?" అన్నాడు మునిరామయ్య. ఆయన ఆ వీధిలో అందరికన్నా పాత నేతగాడు, కుప్పయ్య ఈడువాడే. కుప్పయ్య నోరు తెరిస్తే అక్కడ ఆయన ఉండాల్సిందే. నమ్మడానికి కాదు, కనిపెట్టడానికి.

"నావల్లే అని నేనంటానా, అదే చెప్తాది అడుగు. తిరుపతిలో చదివేటప్పుడు దీనికి ప్రాజెక్టని ఒకటి ఇచ్చినారు. వేలిముద్రలకీ నెత్తురు గ్రూపుకీ ఏమన్నా సంబంధం ఉండాదా అని సూడమన్నారు. ఇది పిల్లోళ్లందరి వేళ్లకీ సిరా పూసి కాగితం మీద అద్దితే పేడతో అలికినట్టు పడినాయంట. నాకు ఫోను చేసి ఏడ్సింది. నేను చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే దొరస్వామి దగ్గర ఉన్నన్నాళ్లూ చేసింది ఏం పని? ఆయన రాస్తాడు, నేను ముద్రలు ఏయిస్తాను. జిల్లాలో పొలం అమ్మినోడి బొటనవేలు, కొన్నోడి బొటనవేలు, రెండూ నా చేతిలో నలిగినవే. పొద్దున్నే బస్సెక్కి పోయినాను. ఏలుని గుద్దకూడదు బిడ్డా, గోరు ఈ పక్క నుంచి ఆ పక్కకి దొర్లించాల, చపాతీ కర్ర మాదిరి, అని చూపించినాను. అంతే, ముద్రలు అచ్చు గుద్దినట్టు పడినాయి. నిజమా కాదా సుజనా?"

"నిజమే మామా" అంది సుజన తలుపు దగ్గర నుంచి. అంతవరకూ నిజమే.

ఆ ఒక్క "నిజమే"తో కుప్పయ్యకి ఎక్కడలేని బలమొచ్చింది.

"సూస్తిరా. ఇప్పుడు ఏలి మీద గీతలు గుండ్రంగా సుడి తిరిగితే చక్రం, ఒక పక్క నుంచి వచ్చి వంగి వెనక్కి పోతే శంఖం. ఇది మన అవ్వలకి కూడా తెలుసు. మన అవ్వలకి తెలీంది ఏందంటే, శంఖాలోళ్లు ఓ గ్రూపు, చక్రాలోళ్లు..."

"మామా, అట్ల కాదు" అని సుజన అడ్డుపడింది. "కొన్ని కాలేజీల్లో చూసినారు. ఒకచోట ఒక గ్రూపోళ్లకి శంఖాలు రవంత ఎక్కువ ఉన్నట్టు అనిపించింది. ఇంకోచోట చూస్తే అట్ల కనపడలేదు. ఇంకా ఎవరూ తేల్చలేదు. వేలు చూసి గ్రూపు చెప్పడం కుదరదు."

"కాలేజీలోళ్లకి కుదరదు. వాళ్లు ఎన్ని వేళ్లు పట్టుకోనుంటారు? నాకు కుదిరింది" అన్నాడు కుప్పయ్య. "చిత్తూరులో ఒక మామిడికాయల మండీ ఆయన తోట కొనడానికి వచ్చినాడు. పేరొద్దులే, పెద్దమనిషి. ముద్ర ఏయిద్దామని ఏలు పట్టుకున్నాను. పట్టుకోంగానే, అయ్యా, మీది బీ గ్రూపు కదా అన్నాను. ఆయన అదిరిపడినాడు. జేబులో నుంచి కార్డు తీసి చూపించినాడు, బీ. తోట రిజిస్ట్రేషను పక్కన పెట్టి నా కాళ్లకి దండం పెట్టినాడు."

"పొలం కొనడానికి వచ్చినోడు జేబులో నెత్తురు కార్డు ఎందుకు పెట్టుకుంటాడప్పా?" అన్నాడు మునిరామయ్య.

"ప్రమాదాలు చెప్పి వస్తాయా మునిరామయ్యా?"

ధనశేఖర్ బొటనవేలు చాపేశాడు. "నాది చూడు మామా." కుప్పయ్య దాన్ని ఎండకి తిప్పి, ఊది, అటూ ఇటూ వంచి, "ఏ పాజిటివ్" అని చెప్పాడు. ధనశేఖర్‌కి తన గ్రూపేదో తెలీదు, అందుకే పూర్తిగా నమ్మాడు. నమ్మి, రోడ్డు మీదికి పోయి ఆ కేక వేశాడు.

ఇక చూడాలి ఆ అరుగు. ముసలివాళ్లు, కోడళ్లు, చంకలో బిడ్డలతో తల్లులు, అందరూ బొటనవేళ్లు ముందుకు పెట్టుకుని నిలబడ్డారు. నీది ఓ, నీది ఏ, నీది ఓనే గానీ రవంత బీ కలిసుండాది అని కుప్పయ్య పంచుతానే ఉన్నాడు. చెప్పించుకున్నవాళ్లు కొంగుతో వేలు తుడుచుకుని, "ఇంక సూదెందుకు, తెలిసిపోయిందిగా" అని పందిట్లోకి పోయి ఆకుల కోసం చూస్తున్నారు. సుజన కోటు గుండీ ఒకటి విప్పింది. అది చూసి, పిల్లకి ఉక్కపోస్తున్నట్టుంది అనుకున్నాడు కుప్పయ్య.

మునిరామయ్య కూడా చెయ్యి చాపాడు. కుప్పయ్య ఆ వేలు పట్టుకుని చూస్తే దానిమీద ఏ గీతా లేదు. పుట్టినప్పటినుంచీ పోగులు ముడేసి ముడేసి నున్నగా అరిగిపోయి, గచ్చుతిన్నె మాదిరి మెరుస్తోంది. రేషను మిషను కూడా నెలనెలా ఆ వేలిని తీసుకోనంటుంది.

చక్రం లేదు, శంఖం లేదు. తెలీదు అన్న మాట కుప్పయ్య నోట్లో ఎప్పుడూ లేదు. "నీకు గ్రూపే లేదు మునిరామయ్యా" అన్నాడు. "ఇంకా కేటాయించలేదు."

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. మునిరామయ్య నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ వేలిని తానే ఒకసారి చూసుకుని, పంచెలో దాచుకున్నట్టుగా పట్టుకున్నాడు.

నవ్వు వినబడేసరికి కుప్పయ్యకి ఇక పగ్గాల్లేవు.

"ఇదేం చూసినారు. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి, పేరు చెప్పకూడదు, నాకాడ మాట తీసుకున్నారు. ఒకరోజు పరీక్ష చేసే మందు అయిపొయింది. వార్డులు నిండా మనుషులు, ఎవరికి ఏ నెత్తురు ఎక్కించాలో తెలీదు. డాక్టర్లు తల పట్టుకున్నారు. అప్పుడు ఏం చేసినారో తెలుసునా? కారు పంపినారు. నా కోసం. సైరను ఏసుకోని చిత్తూరు వచ్చినారు. నేను పోయి వార్డు మధ్యలో కుర్చీ ఏసుకోని కూర్చుంటే, ఒకడు ఏలు ఇస్తాడు, నేను గ్రూపు చెప్తాను, నర్సమ్మ రాసుకుంటాది, ఇంకొకడు వస్తాడు. అంతలో కరెంటు పొయింది. అందరూ అయ్యో అన్నారు. కానీండప్పా, అన్నాను. చీకట్లోనే నా ఏలితో వాళ్ల ఏలిని తడిమి చెప్పినాను. కరెంటు వచ్చేసరికి రెండు వార్డులు అయిపొయినాయి. ఒక్కటి తప్పలేదు. ఒకడికి జలుబు చేసిందని కూడా చెప్పినాను."

"జలుబు కూడా ఏలిలో తెలుస్తాదా మామా?" అన్నాడు ధనశేఖర్.

"వాడు తుమ్మినాడులే. ఇను. ఇంకా అలిపిరి సంగతి చెప్పలేదు."

"చెప్పు మామా" అన్నారు నలుగురు. వెనక వడలు వేయిస్తున్న కుప్పయ్య భార్య చంద్రకాంతమ్మ మాత్రం తల ఎత్తలేదు. పెళ్లైనప్పటినుంచీ అలిపిరి కథ ఆమెకి తెలుసు, అప్పట్లో అందులో చిరుత ఇంకా పిల్లిగానే ఉండేది.

"అలిపిరి మెట్లకి మొక్కుకున్నోళ్లు ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెడతా పోతారు కదా. పొద్దున్నే నడిచిపోతా ఉండాను. మెట్టు మీద కుంకుమలో ఏలిముద్రలు, స్పష్టంగా. సూస్తా సూస్తా పోతే ఒక ముద్ర కాడ ఆగినాను. ఈమె ఏబీ నెగిటివ్. లక్షమందిలో ఒకరికి ఉండేది. మనసులో పెట్టుకున్నాను. ఇంక కాసేపు పోతే పైన గొడవ, ఎవరో బిడ్డతల్లి పడిపొయింది, నెత్తురు కావాల, ఏబీ నెగిటివ్, యాడా దొరకదు అంటా ఉండారు. నేను, తొందరపడకండి, పైన మెట్లకి కుంకుమ పెడతా ఒకామె పోతా ఉంది, ఆకుపచ్చ చీర, ఆమెని పిలవండి అన్నాను."

"ముద్ర చూస్తే చీర రంగు కూడా తెలిసిందా?" అన్నాడు మునిరామయ్య.

"కుంకుమలో ఒక పోగు అంటుకోని ఉండాది. నేతగాడివి, నువ్వే అట్ల అడిగితే ఎట్ల? సరే, ఆమె వచ్చింది, నెత్తురు ఇచ్చింది, బిడ్డతల్లి లేచి కూర్చుంది. నేను దిగి వస్తా ఉండాను. మలుపులో ఎదురొచ్చింది."

"ఎవరు?"

"చిరుత."

చంకలో బిడ్డ ఉన్నామె బిడ్డని అటు మార్చుకుంది.

"అందరూ కర్రలు పట్టుకోని పోతారు ఆ దోవన. నాకాడ ఏముండాది? చొక్కా జేబులో సిరా డబ్బా. దాన్ని తీసి మూత తెరిచి ముందు పెట్టినాను. అది వాసన చూసింది, పంజా పెట్టింది, పక్కన బండ మీద అద్దింది. ఏం చెప్పమంటారు, ఎంత చక్కటి ముద్ర. దొరస్వామి దగ్గరికి వచ్చే పెద్దమనుషులు కూడా అంత కుదురుగా ఏయరు. వంగి చూసినాను. ఏబీ. నా గుండె జారిపొయింది."

"ఎందుకు మామా?"

"ఏబీ వాడు ఎవరి నెత్తురైనా తీసుకోవచ్చు కదప్పా. ఓ అయితే ఓ వాళ్ల జోలికే పోతాది. ఇది ఏబీ, ఇంక ఎవరినైనా తింటాది."

ఈసారి సుజనకి కూడా నవ్వు ఆగలేదు. నవ్వింది గానీ, చెయ్యి మళ్లీ రెండో గుండీ మీదికి పోయింది. గడపలో శకుంతలమ్మ పొద్దుని చూసి, కూతురిని చూసి, ఆకుల కట్టని గోడకి ఆనించింది. పందిరి నీడ అప్పుడే వీధిలోకి సాగింది.

కుప్పయ్య ఇంకా చిరుత దగ్గరే ఉన్నాడు. "మరి ఎట్ల బయటపడినావు" అని ధనశేఖర్ అడిగితే, "దాని గ్రూపు మార్చేసినాను" అన్నాడు.



"మార్చేదానికి అవుతాదా?"

"సిరా తడిగా ఉండగానే ఏలిని సగం తిప్పాల, గడియారం మాదిరి. చక్రం సాగి శంఖమవుతాది. ముద్ర మారితే నెత్తురు మారక ఏం చేస్తాది? చిరుత పంజా పట్టుకోని ఒక్క తిప్పు తిప్పినాను. ఓ అయిపొయింది. నా వాసన చూసి, ఈయన నాకు సరిపడడు అనుకోని అడవిలోకి పొయింది. ఆ తర్వాత ఆసుపత్రిలో మనుషులకి కూడా చేసినాను. ఒకాయనకి వాళ్ల తమ్ముడి నెత్తురు సరిపడలేదు, ఏలు పట్టి తిప్పినాను, సరిపడింది. మిషను కాడ కూర్చున్నోడు స్టూలు మీద నుంచి పడినాడు."

మునిరామయ్య పంచెలోంచి చెయ్యి తీశాడు. "సరే కుప్పయ్యా, వీధందరికీ చెప్పినావు, చిరుతకి చెప్పినావు. నీది ఏం గ్రూపు?"

కుప్పయ్య తన బొటనవేలు ఎత్తాడు. ఆ వేలి మీద మంచి చక్రం ఉంది, చక్రంలో ఇంకో చక్రం. ఇంతటి వేలికి మామూలు గ్రూపు చెప్పుకుంటే బాగుంటుందా? "ఏబీ" అన్నాడు. "చిరుతదీ నాదీ ఒకటే. ఈ పక్క మా గ్రూపోళ్లు ఎక్కువ లేరు."

"మామా" అంది సుజన. గొంతు మారింది. "ఇంకేదైనా చెప్పుకో, ఏబీ అని మాత్రం అనొద్దు."

"ఎందుకమ్మా? ఉన్నదే చెప్తా ఉండాను."

"వద్దు మామా, వదిలెయ్."

వదిలెయ్ అంటే వదిలేవాళ్లా ఆ జనం. చెప్పు తల్లీ, చెప్పు తల్లీ అని అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. సుజన నేల చూస్తూ చెప్పింది.

"ఏబీ నాయనకి ఓ గ్రూపు బిడ్డ పుట్టడు."

ఆ పందిట్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఓ గ్రూపువాడు ఒక్కడే ఉన్నాడు. కుప్పయ్య కొడుకు మునికుమార్. ఎవరికి నెత్తురు కావాలన్నా పుత్తూరుకీ తిరుపతికీ బండేసుకుని పోయేది వాడే, బండి నంబరు పక్కన ఓ పాజిటివ్ అని రాయించుకున్నాడు కూడా. ఇప్పుడు వాడు అన్నం గంగాళం పట్టుకుని పందిరి మధ్యలో నిలబడి ఉన్నాడు. అందరూ వాడి ముఖం చూశారు, కుప్పయ్య ముఖం చూశారు, ఆ తర్వాత ఇద్దరినీ వదిలేసి పొయ్యి వైపు చూశారు.

చంద్రకాంతమ్మ జల్లిగరిటె చేతిలోనే ఉంచుకుని లేచి వచ్చింది. గరిటె నుంచి నూనె బొట్లు రాలుతున్నాయి.

"ఏమయ్యా, నీదేం గ్రూపన్నావు? ఇంకొకసారి చెప్పు."

"అంటే చంద్రా, వేలు అట్ల చెప్తా ఉండాది గానీ..."

"వేలు చెప్తా ఉండాదా? మరి నన్ను గురించి వేలు ఏమని చెప్తా ఉండాది?"

కుప్పయ్యకి అప్పుడు తెలిసింది తాను ఎక్కడిదాకా వచ్చేశాడో. నోరు ఇటు నుంచి అటు దూకింది. "లేదు లేదు, సున్నం అంటుకోనుండాది, అందుకే చక్రం మాదిరి ఉండాది. ఈ లోపలి సుడి తీసేస్తే ఇది శంఖమే, సగం శంఖం..."

"తిప్పుకో మరి" అన్నాడు మునిరామయ్య. "గడియారం మాదిరి. చిరుతకే తిప్పినావు కదా."

ఏం చేస్తాడు, కుప్పయ్య నిజంగానే తన వేలిని ఇంకో చేత్తో పట్టుకుని రెండుసార్లు తిప్పుకున్నాడు. జనం నవ్వి నవ్వి ఒకరిమీద ఒకరు వాలిపోయారు. చంద్రకాంతమ్మ నవ్వలేదు.

"సుజనా, సూది తియ్."

"అత్తా, శుక్రవారం..."

"నా కాపురం మీదికి వచ్చినాక శుక్రవారమేంది. తియ్."

ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లు ఆ వీధిలో లేరు. వీధి అంతటి వేళ్లూ పట్టుకున్న కుప్పయ్య జీవితంలో ఒక్కసారైనా తన వేలిని సూదికి ఇచ్చినవాడు కాదు. టీకాలు వేసే రోజున కూడా పక్కూరికి పారిపోయేవాడు. ఆయన్ని రెండు భుజాలు పట్టి కొత్త కుర్చీలో కూర్చోబెట్టారు. "ఆ చెయ్యి వద్దు బిడ్డా, అది ముద్రలు ఏయించే చెయ్యి" అని ఎడమచెయ్యి ఇచ్చి, కళ్లు మూసుకుని, సూది ఇంకా డబ్బాలో ఉండగానే అబ్బా అన్నాడు.

సుజన గాజుపలక మీద మూడు చుక్కలు పెట్టింది. ఒకదాంట్లో నీలం మందు, ఒకదాంట్లో పసుపు మందు, ఇంకోదాంట్లో తెల్లటిది. పుల్లతో కలుపుతూ, వినపడేలా చెప్పింది: "ఇందులో పెద్ద మాయేమీ లేదు. నీలందాంట్లో నెత్తురు విరిగితే ఏ, పసుపుదాంట్లో విరిగితే బీ, రెండిట్లోనూ విరిగితే ఏబీ. తెల్లదాంట్లో విరిగితే పాజిటివ్." జనమంతా తలుపులోంచి లోపలికి వంగారు. చంద్రకాంతమ్మ గరిటె గుండెకి ఆనించుకుని నిలబడింది. మునికుమార్ గంగాళం ఎప్పుడు కింద పెట్టాడో వాడికే తెలీదు.

పసుపు మందులో నెత్తురు పగిలిన పాల మాదిరి పలుకులు పలుకులయింది. నీలందాంట్లో చూశారు. అది కదల్లేదు, నున్నగా అట్లే కలిసిపోయి ఉంది. సుజన పలకని అటూ ఇటూ వంచింది. మళ్లీ వంచింది.

"బీ పాజిటివ్" అంది. "బీ నాయనకి ఓ గ్రూపు బిడ్డ పుడతాడు అత్తా. బాగా పుడతాడు."

చంద్రకాంతమ్మ మొగుణ్ణి ఒకసారి కిందినుంచి పైదాకా చూసింది. "బతికిపోయినావు" అని, మాడిపోతున్న వడల దగ్గరికి పరుగెత్తింది.

కుప్పయ్య దూది నొక్కుకుంటూ లేవబోతుంటే, అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపి, ఆ కుర్చీలో మునిరామయ్య కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. వెనకనుంచి ఎవరో "ఏందప్పా, శుక్రవారం" అన్నారు.

"ఎట్లనూ ఇయ్యాళ నెత్తురు చూసేసినాం కదా" అన్నాడు. తర్వాత, సుజనకి మాత్రమే వినపడేటట్టు, "నాకు ఏదో ఒకటి ఉండాదేమో చూడమ్మా" అన్నాడు.

సుజన చుక్కలు పెట్టింది. నీలందాంట్లో విరగలేదు. పసుపుదాంట్లోనూ విరగలేదు. ముసలాయన పలక మీదనుంచి చూపు తిప్పుకున్నాడు. "ఆ మిషను మాదిరే, ఇదీ నన్ను తీసుకోలేదు" అన్నాడు.

"అయ్యో పెద్దనాయనా, రెండిట్లోనూ విరక్కపోతేనే ఓ. తెల్లదాంట్లో చూడండి, ఎట్ల విరిగిందో. మీది ఓ పాజిటివ్, మునికుమార్ మాదిరే. ఎవరికి కావాలన్నా మీ నెత్తురు పనికొస్తాది."

"ఎవరికైనా?"

"ఇంచుమించు అందరికీ."

మునిరామయ్య కుర్చీలోంచి నిదానంగా లేచాడు. నడుములోంచి మడతలు పడిన నోటు తీసి సుజన చేతిలో పెట్టి, చెయ్యి మూశాడు. కుప్పయ్య ఏమన్నా అంటాడేమోనని అందరూ చూశారు. కుప్పయ్య అరుగు దిగి ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాడు. "నాకు కనపడలేదు మునిరామయ్యా" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఆ వీధికి అదే మొదలు.

ఆ తర్వాత వరస మళ్లీ తిరిగింది. కుప్పయ్య చెప్పింది నిజమా కాదా తేల్చుకోవాలని ధనశేఖర్ ముందు కూర్చున్నాడు, ఏ కాదు, ఓ అని తేలింది. చంకలో బిడ్డ ఉన్నామెకి మాత్రం కుప్పయ్య చెప్పిందే వచ్చింది, దానికి ఆయన ముఖం వెలిగిపోయి నోరు తెరవబోయాడు, చంద్రకాంతమ్మ అటు నుంచి గరిటె చూపించింది. సుజన కోటు గుండీలు రెండూ మళ్లీ పెట్టుకుంది, తల ఎత్తే తీరిక లేదు. శకుంతలమ్మ కళ్లు తుడుచుకుని ఆకుల కట్ట విప్పింది.

ఆ రోజు వడ్డించేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు అన్నది లేకుండా పోయింది. గిన్నెలన్నీ మధ్యలో పెట్టేసి, ఆడవాళ్లు, మగవాళ్లు, మగ్గాలాపి వచ్చినవాళ్లు, అందరూ ఒకే బంతిలో చాపల మీద కూర్చున్నారు. కోటు విప్పి చేతులు కడుక్కుని సుజన కూడా అమ్మ పక్కన కూర్చుంది. మునిరామయ్య పక్కన కాస్త ఖాళీ ఉంటే కుప్పయ్య అక్కడ సర్దుకున్నాడు, ఇటు పక్క మునికుమార్ కూర్చుని పులుసు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"నాయనా, చెయ్యి తియ్, పోస్తాను" అన్నాడు వాడు.

"పొయ్ నాయనా" అన్నాడు కుప్పయ్య, ఆకు మీద అన్నానికి గుంట చేస్తూ.